డిశ్చార్జ్ కాగితంలో తొమ్మిదో లైను: మాటలు రాని ఒక పాప కేస్ స్టడీ

సిరి (అసలు పేరు కాదు) పిల్లల ఎదుగుదల చూసే మా డెవలప్‌మెంట్ ఓపీకి వచ్చేనాటికి వయసు 2 ఏళ్ల 5 నెలలు. ఒక్క మాట కూడా రాలేదు. వాళ్ల నాన్న బట్టల షాపు కవరు ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. అందులో ఎమ్మారై ఫిల్ములు, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) కాగితాలు, రక్తపరీక్షల రిపోర్టులు, వాటితో పాటు ఆరు రిఫరల్ చీటీలు. న్యూరాలజిస్టుకు, జెనెటిక్స్‌కు, స్పీచ్ థెరపీకి, సైకాలజిస్టుకు, ఫిజియోథెరపీకి, జిల్లా డీఈఐసీకి (ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకుని చూసే సర్కారు కేంద్రం) ఒక్కొక్కటి.

"ఇవన్నీ ఎందుకు మేడమ్? పాపకు ఒక్క రోగం ఉందా, ఆరు రోగాలున్నయా?" అని అడిగాడు. ఆయన ఆటో నడుపుతాడు. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

పిల్లల డాక్టర్‌గా నేను ఇలాంటి చీటీలు రోజూ రాస్తాను. ఆ చీటీ పట్టుకుని వెళ్లే తల్లిదండ్రులకు అందులో ఏముందో, ఎందుకు వెళ్తున్నారో, ముందు ఎక్కడికి వెళ్లాలో ఎంతవరకు చెబుతున్నాను అని నన్ను నేను గట్టిగా అడుక్కునేలా చేసిన కేసు ఇది. ఇందులో నా తప్పు కూడా ఉంది, అదీ రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

పుట్టినప్పటి నుంచి

సిరి 31 వారాలకే పుట్టింది. బరువు 1,450 గ్రాములు. 34 రోజులు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉంది. మొదటి 3 రోజులు వెంటిలేటర్ మీద, ఇన్‌ఫెక్షన్ అనుమానంతో 10 రోజులు అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, కామెర్లకు లైట్ కింద పెట్టడం. నెల రోజులకు రెటీనా పరీక్ష చేశారు, బాగానే ఉంది. అమ్మానాన్నలది మేనరికం.

కూర్చోవడం, నిలబడడం కాస్త ఆలస్యం. నడక 20 నెలలకు వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రెండేళ్లు వచ్చేదాకా వయసును అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కగడతాం. ఆ లెక్కన సిరి నడిచింది 18 నెలలకు. అంటే సరిగ్గా అంచు మీద. ఇప్పటికీ కాలివేళ్ల మీద నడుస్తుంది.

నాలుగైదు నెలలప్పుడు బాగా ఊసులు చెప్పేదట. ఏడాది దాటేసరికి అవి కూడా తగ్గిపోయాయి. ఈ ఒక్క సంగతి తర్వాత చాలా దూరం తీసుకెళ్లింది. అప్పటిదాకా వచ్చినవి పోవడం అనేది డెవలప్‌మెంట్‌లో ఏ వయసులోనైనా ప్రమాద సూచనే. అందుకే ఆ మాట విన్న ప్రతి డాక్టరూ ఈఈజీ వైపు, ఆటిజం వైపు ఆలోచించారు. ఆ ఆలోచనలో తప్పు లేదు. కానీ వినికిడి సరిగా లేని పిల్లలు కూడా మొదట అందరిలాగే ఊసులు చెబుతారు. తమ గొంతు తమకు వినపడక, ఎదుటివాళ్ల మాట చెవిన పడక, ఆ ఊసులు అక్కడే ఆగిపోతాయి. చూడ్డానికి అది కూడా ఉన్నది పోయినట్టే ఉంటుంది.

ఇంట్లోవాళ్లు ఊరికే కూర్చోలేదు. నాయనమ్మ రోజూ వస అరగదీసి నాలుకకు రాసింది. "మా కొడుకుకు కూడా మూడేండ్లకే మాటలొచ్చినయి" అని ధైర్యం చెప్పింది. నాలుక కింద నరం అంటుకుందని ఎవరో అంటే ఒక చోట దాన్ని కత్తిరించారు. నాలుక కింది పొర బిగుతుగా ఉంటే పాలు తాగడంలో ఇబ్బంది రావచ్చు, కొన్ని అక్షరాలు స్పష్టంగా పలక్కపోవచ్చు. అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. పాపకు నొప్పి మిగిలింది అంతే.

అంగన్‌వాడీకి వచ్చిన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు కార్యక్రమం) టీమ్ 18 నెలలప్పుడే పాపను చూసి డీఈఐసీకి చీటీ రాసింది. ఈ టీమ్‌లు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం అని నాలుగింటి కోసం పిల్లల్ని చూడడం వాళ్ల పని. 2013లో మొదలైన ఈ కార్యక్రమం వల్ల మా దగ్గరికి ఎంతోమంది పిల్లలు వేళకు చేరారు. సిరి చీటీ మాత్రం నా దగ్గరికి వచ్చిన కవరులో చేరేదాకా ఇంట్లో ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. పట్నంలో పెద్ద డాక్టరుకు చూపిస్తున్నాం కదా, సర్కారు దవాఖానకు మళ్లీ ఎందుకు అనుకున్నారు.

20 నెలలప్పుడు ఆ పట్నం క్లినిక్‌లో ఒక ప్రశ్నల ఫారం నింపించి, పావుగంట చూసి, ఆటిజం లక్షణాలు అని రాశారు. మత్తు ఇచ్చి ఎమ్మారై తీశారు. "మెదడులో మచ్చ ఉంది" అన్న ఒక్క మాట పట్టుకుని తల్లి వారం రోజులు అన్నం తినలేదు. తర్వాత ఆరు నెలలు వారానికొకసారి స్పీచ్ థెరపీ. మొత్తం ఖర్చు ₹60,000 దాటింది. ఆటో మీద లోన్ ఇంకా కడుతున్నారు.

గదిలో చూసింది

డెవలప్‌మెంట్ ఓపీలో నేను మొదటి పది నిమిషాలు పిల్లల్ని ముట్టుకోను. ఒక మూల చాప వేసి, లక్క పిడతలు, ఒక బొమ్మ, స్టీలు గ్లాసు, చెంచా పెట్టి ఉంచుతాను. తల్లిదండ్రులతో మాట్లాడుతూ పిల్లల్ని గమనిస్తాను.

సిరి వస్తూనే నా ముఖంలోకి చూసింది. చాప మీద కూర్చుని బొమ్మకు చెంచాతో అన్నం తినిపించింది. తర్వాత అదే చెంచా నా నోటి దగ్గర పెట్టింది. కాసేపటికి గోడ మీద బల్లి కనిపించింది. వేలు పెట్టి బల్లిని చూపించి, తిరిగి వాళ్లమ్మ కళ్లలోకి చూసి, మళ్లీ బల్లిని చూసింది. "అదిగో చూడమ్మా" అని నోటితో చెప్పడం ఒక్కటే తక్కువ, మిగతాదంతా చెప్పింది.

ఆ వేలు, ఆ చూపు నాకు ఎంతో ముఖ్యం. తనకు కనిపించినదాన్ని ఇంకొకరితో పంచుకోవడం కోసమే చూపించడం ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు చాలా కష్టమైన పని. కావాల్సిన వస్తువు కోసం మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు, కానీ బల్లిని చూపించి మన ముఖం చూడడం అరుదు. బొమ్మకు తినిపించే ఆట కూడా అంతే.

ఇంకొకటి కూడా గమనించాను. వాళ్లమ్మ నాతో మాట్లాడుతుంటే సిరి వచ్చి ఒళ్లో కూర్చుని, రెండు చేతులతో అమ్మ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. "ఎప్పుడూ గిట్లనే మేడమ్, గడ్డం వట్టుకొని ముద్దు జేస్తది" అని తల్లి నవ్వింది. పాప చూస్తున్నది అమ్మ పెదవులను.

నేను లేచి పాప వెనక్కి వెళ్లి, ఫైలుతో నోరు మూసుకుని పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. చెంచాతో గ్లాసు మీద మెల్లగా కొట్టాను. తిరగలేదు. టేబుల్ మీద చేత్తో గట్టిగా కొట్టగానే గిరుక్కున తిరిగింది. చప్పుడు విన్నదో, నేల అదిరింది అని తెలిసిందో చెప్పలేం. ఇంట్లో చప్పట్లు కొట్టి, గిన్నెలు కొట్టి చూసుకుని పిల్లకు చెవులు బాగున్నాయనుకోవడం ఇందుకే ప్రమాదం.

"ఇంటది మేడమ్" అన్నాడు తండ్రి. "నా ఆటో గల్లీ మలుపు తిరుగుడుతోనే గేటు కాడికి ఉరుకుతది."

"కుక్కర్ విజిల్ వేస్తే?"

తల్లి ఆలోచించింది. "దానికి ఏమనదు మేడమ్."

"ఫోన్ మోగితే?"

"ఫోన్ లైటు వెలిగితే ఉరికొస్తది. జేబుల ఉంటే రాదు."

ఆటో ఇంజిన్‌ది లావు (తక్కువ ఫ్రీక్వెన్సీ) చప్పుడు. విజిల్‌ది సన్నని (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) చప్పుడు. లావు శబ్దాలు వినిపిస్తూ సన్నని శబ్దాలు వినిపించని పిల్లలు ఉంటారు. వాళ్లకు మనం మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం అంటున్నామో తెలియదు. స, ష, త, క లాంటి హల్లులు వాళ్ల చెవిలో ఉండవు. అచ్చుల మోత లాంటిదేదో మిగులుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు "వింటుంది" అని ఒట్టేసి చెప్పడం అబద్ధం కాదు.

కవరులో ఉన్న కాగితాలన్నీ మళ్లీ తిరగేశాను. వినికిడి పరీక్ష ఒక్కటి కూడా లేదు. ఆరు చీటీల్లో చెవుల కోసం రాసినదీ లేదు.

తొమ్మిదో లైను

పుట్టినప్పటి కాగితాలు అడిగాను. తల్లీబిడ్డ కార్డు మధ్యలో నాలుగు మడతలు పెట్టి దాచిన ఎన్‌ఐసీయూ డిశ్చార్జ్ సమ్మరీ తీసి ఇచ్చింది. అంతా ఇంగ్లిషులో ఉంది. చివర పాటించాల్సినవి 11 లైన్లు. ఎనిమిదో లైను విటమిన్ డి చుక్కలు. పదో లైను టీకాలు. మధ్యలో తొమ్మిదో లైను: వినికిడికి బేరా పరీక్ష చేయించాలి అని.

ఆ కాగితం కిందే నా ఓపీ చీటీ ఉంది. సిరికి 10 నెలలప్పుడు జ్వరం, దగ్గుతో మా దగ్గరికి తీసుకొచ్చారు. నా చేతిరాతే. "పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదని తల్లి అంటోంది. ప్రీటర్మ్. 3 నెలల తర్వాత రివ్యూ." అంతే. తల్లి చెప్పింది, నేను రాసుకున్నాను, నెలలు తక్కువ పిల్ల కదా కాస్త ఆగుదాం అనుకున్నాను. డిశ్చార్జ్ సమ్మరీ చూపించమని అడగనే లేదు. వయసు సవరించినా అప్పటికి పాపకు 8 నెలలు. పిలిస్తే తల తిప్పాల్సిన వయసే. నెలలు తక్కువ అన్న లెక్క నడక, కూర్చోవడం లాంటి వాటికి ఓపిక పట్టమని చెబుతుంది. చెవులకు ఓపిక పట్టమని ఎక్కడా చెప్పదు.

ఆ సంగతి ఇద్దరికీ చెప్పాను. ఆ రోజే పంపించాల్సింది, పంపలేదు, తప్పు నాది అన్నాను. తండ్రి ఏమీ అనలేదు. తల్లి చాలాసేపు ఆ కాగితం వైపే చూసి, "అప్పుడే జేపిస్తే ఇప్పటికి మాటలొచ్చేటివా మేడమ్?" అంది. ఎంతో కొంత వచ్చి ఉండేవమ్మా అన్నాను. ఇంకో జవాబు లేదు.

నవజాత శిశువుల వినికిడికి మేం పాటించాల్సిన లెక్క 1-3-6. నెలలోపు స్క్రీనింగ్, అందులో అనుమానం వస్తే 3 నెలలలోపు పూర్తి పరీక్ష, లోపం ఉంటే 6 నెలలలోపు మెషిన్లు, థెరపీ. అయిదు రోజులకు మించి ఎన్‌ఐసీయూలో ఉన్నవాళ్లు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు, అమికాసిన్, జెంటామైసిన్ లాంటి మందులు ఎక్కువ రోజులు పడ్డవాళ్లు, కామెర్లు బాగా పెరిగినవాళ్లకు ప్రమాదం ఎక్కువ. ఇలాంటి పిల్లలకు చెవిలో చిన్న గొట్టం పెట్టి రెండు నిమిషాల్లో చేసే ఓఏఈ పరీక్ష ఒక్కటే సరిపోదు. అది లోపలి చెవి పనిచేస్తోందా అన్నది మాత్రమే చెబుతుంది. చెవి బాగుండి, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నరం దారిలో తేడా ఉంటే ఓఏఈలో పాస్ అయిపోతారు. అందుకే బేరా కావాలి.

సిరి రిఫరల్ 34వ రోజునే రాసి పెట్టి ఉంది. తెలిసిన భాషలో, నోటితో, ఒక్కరూ ఆ తల్లికి చెప్పలేదు.

ఆరు చీటీలు, మూడు ప్రశ్నలు

తండ్రి ప్రశ్నకు తిరిగొచ్చాను. ఆరు రోగాలు లేవు, మూడు ప్రశ్నలున్నాయి అని చెప్పి తెల్లకాగితం మీద తెలుగులో రాశాను. పాపకు ఎంత వినిపిస్తోంది? కాళ్లు ఎందుకు బిగుసుకుంటున్నాయి? ఆటిజం ఉందా, లేదా?

మూడో ప్రశ్నకు జవాబు మొదటి ప్రశ్న తేలాకే వస్తుంది. మాటలు ఆలస్యమైన ఏ పిల్లలకైనా మొదట చెవులు చూడాలి. ఇంట్లో ఎంత "వింటాడు" అన్నా సరే, ఆటిజం కళ్లముందు కనిపిస్తున్నా సరే. చాలాచోట్ల వాడే ఎమ్‌చాట్ ఫారంలో 20 ప్రశ్నలుంటాయి. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం అనుమానాన్ని పట్టుకోవడానికి చేసిన ఫారం అది. అందులో రెండో ప్రశ్నే, మీ బిడ్డకు చెవుడేమో అన్న అనుమానం ఎప్పుడైనా వచ్చిందా అని. సిరి వాళ్లమ్మ దానికి "లేదు" అని పెట్టింది, ఆటో చప్పుడును తలచుకుని. పేరు పిలిస్తే పలుకుతుందా అన్నదానికీ "లేదు" పెట్టింది. ఈ రెండు జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆగి ఆలోచించాల్సిందే.

న్యూరాలజిస్టుకు రాసిన చీటీ అవసరమే, కానీ మాటల కోసం కాదు. ఎమ్మారైలో ఉన్న "మచ్చ" మెదడు గదుల చుట్టూ ఉండే తెల్లని భాగంలో చిన్న మార్పు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో తరచూ చూస్తాం. కాళ్లకు వెళ్లే తీగలు సరిగ్గా ఆ పక్కనుంచే పోతాయి కాబట్టి పిక్కలు బిగుసుకుంటాయి, వేళ్ల మీద నడుస్తారు. మాటకు దానికి నేరుగా లంకె లేదు. ఇది బొమ్మ గీసి చెబితే తల్లి ముఖం తేటపడింది. ఎనిమిది నెలలుగా ఆమె ఆ మచ్చ పెరిగి పెద్దదవుతుందని భయపడుతోంది. పెరగదు అని ఎవరూ చెప్పలేదు.

జెనెటిక్స్ చీటీ పక్కన పెట్టాను, చించెయ్యలేదు. మేనరికం ఉంది కాబట్టి వినికిడి లోపం తేలితే అప్పుడు దానికి అర్థం ఉంటుంది. ఈఈజీ మళ్లీ అక్కర్లేదు, ఫిట్స్ లేవు. ఎమ్మారై కూడా మళ్లీ వద్దు. ఇన్నాళ్లూ ఫ్రిజ్ మీద ఉండిపోయిన డీఈఐసీ చీటీని మాత్రం ఇప్పుడు వాడమన్నాను. ఫిజియో, స్పీచ్, సైకాలజీ ఒకే కప్పు కింద, డబ్బు కట్టకుండా దొరికే చోటు మన జిల్లాల్లో అదే. పట్నంలో ఒక పరీక్షకు వెళ్లొచ్చినా, వారం వారం పని జరగాల్సింది ఇంటికి దగ్గర్లో.

ఇంక చీటీ రాయడం. మా దగ్గర ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి, "రిఫర్డ్ టు హయ్యర్ సెంటర్, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని ఒక్క లైను. నేనూ అలాగే రాసేదాన్ని. చదివే డాక్టరుకు అందులో ఏమీ ఉండదు. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు, మళ్లీ అవే పరీక్షలు రాస్తాడు. ఈసారి ఇలా రాశాను:

"2 ఏళ్ల 5 నెలల పాప. 31 వారాలకు పుట్టింది, 34 రోజులు ఎన్‌ఐసీయూ, వెంటిలేటర్ 3 రోజులు, అమికాసిన్ 10 రోజులు. మేనరికం. మాటలు లేవు, సైగలు బాగున్నాయి, వేలితో చూపిస్తుంది, ఊహించి ఆడుతుంది. లావు చప్పుళ్లకు తిరుగుతుంది, సన్నని వాటికి తిరగదు. ఇంతవరకు వినికిడి పరీక్ష జరగలేదు. అడుగుతున్నది: రెండు చెవుల్లో విడివిడిగా, ఏ స్థాయి శబ్దం నుంచి, ఏ ఫ్రీక్వెన్సీల్లో వినిపిస్తోంది? చెవిలో నీరు ఉందా? ఎమ్మారై, ఈఈజీ అయ్యాయి, రిపోర్టులు జత చేశాను. మీ అభిప్రాయం ఈ కాగితం వెనకాలే రాసి పంపగలరు."

డాక్టరు కోసం ఇంగ్లిషులో, కుటుంబం కోసం ఇదే తెలుగులో. తండ్రి ఏడో తరగతి దాకా చదివాడు, ఆ తెలుగు కాగితం తనే చదువుకున్నాడు. రెండోసారి చదివి, "ఇప్పుడు నన్ను అడిగితే నేనే చెప్తా" అన్నాడు.

బేరా కోసం రెండు ప్రయాణాలు

బేరా అంటే తలకు, చెవుల వెనక చిన్న తీగలు అతికించి, చెవిలో శబ్దం పెట్టి, నరంలో కదలిక వచ్చిందా అని కంప్యూటర్‌లో చూడడం. పాప నిద్రలో ఉండాలి. ఆ ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి తీసుకురమ్మంటారు. అవసరమైతే నిద్రమందు సిరప్ ఇస్తారు.

మొదటిసారి ఏమైందంటే, నాలుగింటికి లేపిన పాప హైదరాబాద్ బస్సులో ఎక్కగానే నిద్రపోయింది. మూడు గంటలు హాయిగా పడుకుంది. అక్కడ దిగాక సిరప్ ఇచ్చినా ఆడుతూ కూర్చుంది. పైగా నాయనమ్మ ప్రయాణం కదా అని తలకు బాగా నూనె పెట్టి జడ వేసింది. నూనె తలకు తీగలు అతుక్కోవు. ఇంకో తేదీ ఇచ్చి పంపేశారు. ఒక రోజు ఆటో కిరాయి పోయింది, చార్జీలు పోయాయి, మూడు వారాలు పోయాయి. తలకు నూనె పెట్టొద్దు, బస్సులో నిద్రపోనివ్వొద్దు అని నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు బేరా చీటీ వెనక ఈ రెండు మాటలు రబ్బరు స్టాంపు చేయించి వేస్తున్నాను.

రెండోసారి తలంటి పోసి, బస్సులో తండ్రి ఫోన్ ఇచ్చి మెలకువగా ఉంచి తీసుకెళ్లారు. రెండేళ్ల పిల్లలకు ఫోన్ ఇవ్వొద్దని చెప్పే నేనే ఆ ఒక్క రోజుకు ఇవ్వమన్నాను.

రిపోర్టు వచ్చింది. చెవిలో నీరు లేదు. బేరాలో కుడి చెవికి 70 డెసిబుల్స్, ఎడమ చెవికి 75 దాకా స్పందన లేదు. ఏఎస్‌ఎస్‌ఆర్ అనే ఇంకో పరీక్షలో లావు శబ్దాలు 45 దగ్గరే వినిపిస్తున్నాయి, సన్నని శబ్దాలు 75 నుంచి 80 దాటితే గానీ వినపడడం లేదు. రెండు చెవుల్లో నరాల వైపు వినికిడి లోపం. మనం ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబుల్స్.

గ్రాఫ్ తండ్రి ముందు పెట్టాను. ఎడమ వైపు లావు శబ్దాలు, కుడి వైపు సన్నని శబ్దాలు. వేలితో ఎడమ చివర చూపిస్తూ, "నా ఆటో ఇక్కడ ఉందన్నట్టు" అన్నాడు. కుడివైపు ఖాళీ చూపించి, "మేం మాట్లాడేది ఇక్కడ." అవును అన్నాను. ఆరు నెలలు స్పీచ్ థెరపీలో ఆ పాపకు ఎదురుగా కూర్చుని చెప్పిన మాటల్లో సగం అక్షరాలు చేరనేలేదు.

తర్వాత

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో రెండు జాతీయ సంస్థలున్నాయి. బుద్ధి ఎదుగుదల లోపాలకు ఎన్‌ఐఈపీఐడీ, వినికిడి, మాటలకు అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం. ఒకే చోట కావడంతో తల్లిదండ్రులు తికమకపడతారు. ఎటు వెళ్లాలో పేరు రాసి ఇవ్వండి. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వం ఏడిప్ (వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే) పథకం కింద వినికిడి మెషిన్లు ఇస్తుంది. సిరికి రెండు చెవులకూ వచ్చాయి.

మెషిన్ పెట్టగానే మాటలు వస్తాయని నాయనమ్మ అనుకుంది. మొదటి పది రోజులు పాప పీకి పారేసింది. ఒకటి బియ్యం డబ్బాలో దొరికింది. ఉన్నట్టుండి వచ్చిపడిన చప్పుళ్లకు భయపడి ఏడ్చింది. రోజుకు పావుగంటతో మొదలుపెట్టి, అన్నం తినేటప్పుడు, ఆడుకునేటప్పుడు పెంచుకుంటూ పోయారు. నెల తర్వాత పొద్దున లేస్తూనే తనే చెవి చూపించేది. చెవి పెరిగేకొద్దీ మెషిన్‌కు ఉండే చెవి అచ్చు (ఇయర్ మోల్డ్) వదులవుతుంది, కొత్తది చేయించాలి. లేదంటే కీచుమని కూత వస్తుంది, పాప మళ్లీ పీకేస్తుంది. మెషిన్లతో కొన్ని నెలల్లో తగినంత లాభం లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే పరికరం) గురించి ఆలస్యం చేయకుండా అడగాలి. భాష నేర్చుకునే మెదడు ఏళ్ల తరబడి ఎదురుచూడదు.

న్యూరాలజిస్టు కాళ్లకు తేలికపాటి బిగువు అని, మందులు వద్దని, పిక్కలు సాగదీసే వ్యాయామాలు చాలని కాగితం వెనకే రాసి పంపారు. డీఈఐసీలో ఫిజియో, స్పీచ్ ఒకే రోజుకు కుదిర్చాం. వినికిడి తక్కువైన పాపకు కళ్లే పెద్ద ఆధారం కాబట్టి కంటి పరీక్ష మళ్లీ చేయించాం, బాగుంది. ఒక ఈసీజీ కూడా తీయించాను. పుట్టుకతో వచ్చే తీవ్రమైన చెవుడుతో అరుదుగా గుండె లయ సమస్య కలిసి రావచ్చు, మేనరికంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. అదీ నార్మల్.

సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ అనగానే నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్లకు ముద్ర వడుతది" అంది. ఆమె బాధ చిన్నది కాదు. నేను వాదించలేదు. రెండు చెవుల్లో 60 నుంచి 70 డెసిబుల్స్ లోపం, ఆపైన ఉంటే చట్టం గుర్తిస్తుందని, బస్ పాస్, పింఛను, రేపు బడిలో వెసులుబాట్లు దాని ద్వారానే వస్తాయని చెప్పి ఊరుకున్నాను. నాలుగు నెలల తర్వాత తండ్రే మీసేవలో స్లాట్ బుక్ చేసి ఆమెనే వెంట తీసుకెళ్లాడు.

ఆటిజం ప్రశ్న మిగిలి ఉంది. దాన్ని నేను కొట్టెయ్యలేదు. వినికిడి లోపం, ఆటిజం రెండూ ఒకే బిడ్డలో ఉండవచ్చు. చెవుడు తేలింది కదా అని ఆటిజం లేదని చెప్పేసి రెండోసారి తప్పు చేసినవాళ్లూ ఉన్నారు. మెషిన్లు పెట్టి ఆరు నెలలు దాటాక, మూడేళ్లు నిండాక, సైకాలజిస్టు ఒకటిన్నర గంట కూర్చుని చూశారు. ఆటిజాన్ని కొలవడానికి మన దేశంలో వాడే ఐసా స్కేలులో 40 అంశాలుంటాయి, స్కోరు 70 గానీ అంతకు పైన గానీ వస్తే ఆటిజంగా లెక్క. సిరి స్కోరు అంతకు చాలా తక్కువ వచ్చింది. అప్పుడు చెప్పాం లేదని.

ఆరు నెలల రివ్యూలో తల్లి నోటుబుక్‌లో మాటలు రాసుకొచ్చింది. పద్నాలుగు. అమ్మ, నాన, పా, దా, ఇయ్యి... "ఆతో" అంటే ఆటో. వయసుకు ఇది చాలా వెనక. వినడం మొదలుపెట్టి ఆరు నెలలే అయింది కాబట్టి మేం వినికిడి వయసుతో కూడా పోల్చి చూస్తాం. బడికి వెళ్లేనాటికి ఎంత అందుకుంటుందో ఇప్పుడే చెప్పలేను. అంగన్‌వాడీ టీచర్‌కు మెషిన్ ఎలా పెట్టాలో తల్లే నేర్పింది. బడి వయసు వచ్చాక మండలంలోని భవిత కేంద్రంతో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు కేంద్రం) కలుపుతాం.

జెనెటిక్స్ చీటీని అప్పుడు బయటికి తీశాను, ఎందుకంటే తల్లి మళ్లీ నెల తప్పింది. సిరికి వచ్చింది నెలలు తక్కువ పుట్టడం వల్లనా, మేనరికంలో వచ్చిన జన్యువు వల్లనా, రెండూ కలిసా అన్నది తేలాల్సి ఉంది. రక్తం ఇచ్చి వచ్చారు. ఆ రిపోర్టు రాకముందే తల్లికి కాన్పు అయింది. నెలలు నిండాక, మూడు కిలోల బాబు.

పన్నెండో రోజున ముగ్గురూ బాబును ఎత్తుకుని వచ్చారు. టీకా కోసమో, బొడ్డు చూపించడానికో అనుకున్నాను. తల్లి కూర్చోకముందే డిశ్చార్జ్ కాగితం తీసి నా ముందు పెట్టింది. ఇంగ్లిషులోనే ఉంది. మధ్యలో ఒక లైను కింద నీలం పెన్నుతో రెండు గీతలు గీసి ఉంది. ఆ పదం ఆమెకు ఇప్పుడు చూడగానే తెలుస్తుంది.

"నెల దాటకముందే గదా మేడమ్?" అంది. "తలకు నూనె వెట్టలే. ఎప్పుడు వొమ్మంటరు?"